కర్మాగారంలో కాపురం

యంత్రాలు ఆగిపోయిన మిల్లునో గోదామునో కూల్చకుండా నిలబెట్టి, లోపల వంటగదులూ పడకగదులూ తీర్చి, ఒక్కో భాగాన్ని ఒక్కో కుటుంబానికి ఇచ్చే పద్ధతి ప్రపంచంలోని చాలా పాత పారిశ్రామిక నగరాల్లో కనిపిస్తుంది. ఇలాంటి ఇంటిని లాఫ్ట్ అంటారు. ఎత్తైన కప్పు, గోడంత కిటికీలు, సున్నం పూయని ఇటుక, పైకి కనిపించే దూలాలు, గొట్టాలు దీని ఆనవాళ్లు. ఎవరి ఫ్లాటుకు వారు సొంతదారులై, నేలకూ మెట్లకూ గోడలకూ అందరూ కలిసి వాటాదారులైతే ఆ భవనాన్ని కండోమినియం అంటారు. ఆ యాజమాన్యం తీరు తెలుగు రాష్ట్రాల్లో అపార్ట్‌మెంటు కొన్న ప్రతివారికీ తెలిసిందే. కర్మాగారాన్నే అపార్ట్‌మెంటుగా మార్చుకోవడం మాత్రం మన దగ్గర బాగా అరుదు. ఇక్కడ మిల్లు మూతపడితే యంత్రాలు పాత ఇనుము కింద పోతాయి, గోడలు కూలతాయి, నేల గజాల లెక్కన అమ్ముడవుతుంది.

అయినా ఈ విషయం తెలుగువారికి దూరపుదేమీ కాదు. బొంబాయి మిల్లుల్లో తరాల తరబడి మగ్గాలు నడిపినవారిలో మనవాళ్లున్నారు. వరంగల్లులో ఒక పెద్ద మిల్లు మన కళ్లముందే ప్లాట్లుగా మారింది. పని ఆగిన కట్టడంలో కాపురముండే అవకాశం ఎవరికి దక్కింది, అందులో చెమటోడ్చినవారికి ఏం మిగిలింది? ఈ ఇళ్ల చరిత్రలో అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. ఇటుక గోడల అందం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

సోహోలో మొదలు

న్యూయార్క్ నగరంలో మన్‌హాటన్ దిగువ భాగాన ఉన్న సోహో పేట ఈ తరహా నివాసానికి పుట్టినిల్లు. 19వ శతాబ్దం మధ్యనుంచి అక్కడ పోత ఇనుముతో ముఖభాగాలు బిగించిన అయిదారు అంతస్తుల భవనాలు లేచాయి. కింద దుకాణం, పైన బట్టల గోదాము, ఇంకా పైన కుట్టుపని. బ్రాడ్‌వే, బ్రూమ్ వీధుల మూలన ఉన్న హావౌట్ భవనంలో 1857లో మనుషులు ఎక్కే ఓటిస్ లిఫ్టును అమర్చారు. లిఫ్టుల చరిత్ర చెప్పేవారు ఇప్పటికీ అక్కణ్నించే మొదలుపెడతారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశ్రమల స్వరూపం మారింది. సరుకు కిందికీ పైకీ మోసే అంతస్తుల భవనాలకంటే, ఊరిబయట లారీ నేరుగా లోపలికి వచ్చే ఒంటి అంతస్తు షెడ్లు చవక. సోహో పై అంతస్తులు ఖాళీ పడ్డాయి. వాటిని చిత్రకారులు, శిల్పులు కారుచౌకగా అద్దెకు తీసుకున్నారు. పెద్ద కాన్వాసు నిలబెట్టడానికి ఎత్తు కావాలి, పగటి వెలుతురు కావాలి. రెండూ అక్కడ ఉన్నాయి. ఒప్పందం కాగితంలో అది పని చేసుకునే చోటు మాత్రమే, నివాసం నిషిద్ధం. తనిఖీకి వస్తున్నారని తెలిస్తే పరుపూ పొయ్యీ దాచేసేవారు. వేడినీళ్లు ఉండేవి కావు, సాయంత్రం అయిదు దాటితే వెచ్చదనమిచ్చే ఆవిరి గొట్టాలు చల్లబడేవి.

1961లో నగర పాలకులు ఒక మెట్టు దిగారు. కళాకారులు ఉంటున్న భవనం గుమ్మం దగ్గర ‘ఎ.ఐ.ఆర్.’ (ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్) అనే అక్షరాలు, అంతస్తు నంబరు రాసి ఉంచాలన్నారు. నిప్పు అంటుకుంటే పైన మనుషులున్నారని అగ్నిమాపక దళానికి తెలియాలి కదా. ఉండనిచ్చారే గానీ హక్కు ఇవ్వలేదు. అదే సమయంలో నగర నిర్మాణ అధికారి రాబర్ట్ మోజెస్ తలపెట్టిన దిగువ మన్‌హాటన్ ఎక్స్‌ప్రెస్‌వే ఈ పేట మీదుగా పోవలసి ఉంది. రచయిత్రి జేన్ జేకబ్స్ వంటివారూ స్థానికులూ ఏళ్ల తరబడి పోరాడితే 1969లో ఆ ప్రణాళిక రద్దయింది. లిథువేనియాలో పుట్టిన కళాకారుడు జార్జ్ మచూనస్ 1967లో వూస్టర్ వీధి 80వ నంబరు భవనాన్ని కళాకారుల సహకార సంఘంగా మార్చాడు. చట్టం ఒప్పుకోకముందే తెగించి చేసిన పని అది. తర్వాతి లాఫ్ట్ సంఘాలకు అదే దారి చూపింది.

1971లో నగర నిబంధనలు మారి, ధ్రువీకరణ పొందిన కళాకారులు సోహోలో ఉంటూ పని చేసుకోవడం చట్టబద్ధమైంది. 1973లో ఆ పేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. 1982లో రాష్ట్ర ప్రభుత్వం లాఫ్ట్ చట్టం తెచ్చి, అనుమతి లేని భవనాల్లో ఉంటున్నవారికి రక్షణ కల్పిస్తూనే యజమాని ఆ భవనాన్ని నివాస ప్రమాణాలకు తీసుకురావాలని షరతు పెట్టింది. దీన్ని నడపడానికి ప్రత్యేకంగా లాఫ్ట్ బోర్డు ఏర్పడింది. సరిగ్గా అదే ఏడు సమాజ శాస్త్రవేత్త షారన్ జూకిన్ లాఫ్టుల మీద పుస్తకం వేసి, కళాకారుడు ముందు నడిస్తే వెనకే భూమి ధర నడిచి వస్తుందని నిరూపించారు. ఆ ధర మొదట చిన్న కార్ఖానాలను వెళ్లగొట్టింది, తర్వాత కళాకారులనే వెళ్లగొట్టింది. సోహోలో మిగిలి ఉన్న కుట్టు కార్ఖానాల్లో పనిచేసిన స్త్రీల గురించి లాఫ్టుల ప్రకటనల్లో ఎక్కడా ఒక్క మాట ఉండదు. వాళ్ల ఉపాధి పోయిన చోటే ఈ ఇళ్లు వచ్చాయన్నది మరిచిపోకూడదు.

యాజమాన్యం

సోహో లాఫ్టుల్లో చాలావరకు సహకార సంఘాలు. సంఘం భవనానికి యజమాని, సభ్యుడికి దానిలో షేర్లు, ఆ షేర్లమీద ఫ్లాటులో ఉండే హక్కు. కండోమినియంలో ఫ్లాటుకే విడిగా దస్తావేజు ఉంటుంది. మన దేశంలో మొదటి పద్ధతి బొంబాయి హౌసింగ్ సొసైటీల్లో వేళ్లూనుకుంది. రెండోదానికి మహారాష్ట్ర 1970లో, ఆంధ్రప్రదేశ్ 1987లో అపార్ట్‌మెంటు చట్టాలు చేశాయి. హైదరాబాదులోనో కర్నూలులోనో ఫ్లాటు కొనేవాడు రిజిస్ట్రేషన్ కాగితంలో ముందు చూసేది అన్‌డివైడెడ్ షేర్, అంటే నేలలో తన వంతుకు వచ్చే విడదీయరాని గజాలు ఎన్ని అని.

పాత కర్మాగారంలో ఈ ఉమ్మడి ఆస్తి బరువు ఎక్కువ. పొగగొట్టం ఎవరిది? నూరేళ్ల ఇటుక గోడలో సున్నం రాలిపోతే మళ్లీ నింపే ఖర్చు ఎవరిది? కిటికీ నా ఫ్లాటులోనే ఉన్నా, వారసత్వ నిబంధన వల్ల దాని చట్రం మార్చే అధికారం నాది కాకపోవచ్చు. కొత్త అపార్ట్‌మెంటులో నెలనెలా కట్టే మెయింటెనెన్సుతో గడిచిపోయేది ఇక్కడ గడవదు. పైకప్పు ఒక్కసారి మార్చవలసి వస్తే అసోసియేషన్ ఒక్కో ఇంటిమీదా పెద్ద మొత్తం వేస్తుంది. కొనేటప్పుడు గోడల ఫొటోలు చూసినంత శ్రద్ధగా కార్పస్ ఫండ్ (అసోసియేషన్ నిల్వ నిధి) లెక్కలు చూడాలని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

లోపలి జీవితం

మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ పట్టణం అమెరికా నూలు పరిశ్రమకు తొలి కేంద్రాల్లో ఒకటి. అక్కడి బూట్ మిల్లు 1835లో మొదలైంది. 1978లో ఆ పట్టణంలోని మిల్లులను, కాలువలను కలిపి జాతీయ చారిత్రక ఉద్యానంగా ప్రకటించారు. బూట్ ప్రాంగణంలో ఒక భవనంలో మ్యూజియం వారు పాత మగ్గాలను ఇప్పటికీ తిప్పుతారు, మరికొన్ని భవనాల్లో కుటుంబాలు కాపురముంటున్నాయి. న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో డిక్సన్ పెన్సిళ్ల ఫ్యాక్టరీ కూడా 1980లలో ఇళ్లయింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్రాంతమది.

ఇలాంటి ఇంట్లో అడుగుపెట్టగానే తెలిసేది ఖాళీ చోటు. పన్నెండు నుంచి పదిహేను అడుగుల పైన కప్పు, మధ్యలో గోడ లేదు, దూరంగా ఒక స్తంభం, దాని పక్కన ఇంకొకటి. ఆ స్తంభాల మధ్య దూరం ఒకప్పుడు యంత్రాల వరసకు తగ్గట్టు పెట్టింది, ఇప్పుడు మంచాలు, అల్మారాలు దానికి సర్దుకోవాలి. నేల గట్టితనానికి వంక పెట్టలేం. మన భారత ప్రమాణాల ప్రకారమే ఇంటి నేల చదరపు మీటరుకు 200 కిలోల బరువు మోయగలిగితే చాలు, యంత్రాలుండే కర్మాగారపు నేల 500 నుంచి 1000 కిలోలు మోయాలి. పుస్తకాల బీరువాలు ఎన్ని పెట్టినా దానికి లెక్క కాదు.

శబ్దం సంగతి వేరు. చెక్క దూలాలమీద చెక్క పలకలు పరిచిన అంతస్తుల్లో పైవాళ్లు కుర్చీ జరిపితే కిందివాళ్లకు వినబడుతుంది. పాత మిల్లుల చెక్క నేలలు దశాబ్దాలపాటు యంత్రాల నూనె తాగి ఉంటాయి. ఇసుక కాగితంతో ఎంత గీకినా కొన్ని మరకలు పోవు, ఆ నేలలు నిప్పుకు తొందరగా లొంగుతాయి. ఇటుక గోడ నుంచి సన్నటి ఎర్రపొడి రాలుతూనే ఉంటుంది. చలిదేశాల్లో అంత ఎత్తు గదిని వెచ్చబెట్టాలంటే బిల్లు భారమే, వేడి అంతా కప్పు దగ్గరికి పోయి చేరుతుంది.

తెలుగింటి అలవాట్లకు అడ్డుగోడలు లేని గది ఒక పరీక్ష. వంటచోట ఇంగువ పోపు వేస్తే ఆ ఘుమఘుమ పడక దుప్పట్లదాకా పోతుంది. మినపవడలు వేయించిన రోజు నూనె వాసన మర్నాటిదాకా ఇటుకను వదలదు. పొగను బయటికి తోసే గొట్టం ఉందా, లేక జల్లెడలో వడగట్టి మళ్లీ ఇంట్లోకే వదిలే రకమా అన్నది ముందే చూసుకోవాలి. ఊరినుంచి అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండిపోవడానికి వస్తే, తలుపు వేసుకునే గది ఒక్కటి కూడా లేని ఇల్లు ఎవరికీ సుఖం కాదు. ఎత్తును వాడుకుని మధ్యలో చెక్క అంతస్తు వేసి పైన పడక ఏర్పాటు చేస్తారు గానీ, నిలువు మెట్లు మోకాళ్ల నొప్పులున్నవారికి పనికిరావు. ఎవరికి ఇది బాగుంటుందంటే, ఒంటరిగానో జంటగానో ఉంటూ ఇంట్లోనే బొమ్మలు వేసేవారికి, సంగీతం సాధన చేసేవారికి, పెద్ద బల్ల పరిచి పని చేసుకునేవారికి. మొదట ఈ ఇళ్లు పుట్టింది వారికోసమే.

గోడల్లో విషం, మెట్లలో మంట

కర్మాగారం దాని గతాన్ని అంత తేలిగ్గా వదలదు. న్యూజెర్సీలోని హోబోకెన్ పట్టణం, గ్రాండ్ వీధిలో ఒకప్పుడు పాదరసపు ఆవిరి దీపాలు తయారు చేసిన భవనం ఉండేది. 1990లలో కొందరు కళాకారులు కలిసి దాన్ని లాఫ్టులుగా మార్చుకుని, దాచుకున్న డబ్బంతా పెట్టి చేరారు. కొన్నాళ్లకు నేల పలకల సందుల్లో వెండిలా మెరిసే పాదరసపు బొట్లు కనబడ్డాయి. పరీక్షల్లో నివాసుల శరీరాల్లోనూ పాదరసం తేలింది. 1996లో అందరినీ ఖాళీ చేయించారు. అమెరికా పర్యావరణ సంస్థ ఆ చోటును అత్యంత కలుషిత స్థలాల జాబితాలో చేర్చి, చివరికి భవనాన్ని కూల్చివేసింది. పాత కర్మాగారంలో ఇల్లు కొనేముందు అక్కడ ఏం తయారైందో అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. పత్తి, బియ్యం, నూనె మిల్లుల్లో ఈ భయం తక్కువ. అద్దకం, తోళ్లు, బ్యాటరీలు, పురుగుమందుల తయారీ జరిగిన చోట మట్టినీ భూగర్భ జలాన్నీ పరీక్షించకుండా కాపురం పెట్టకూడదు. ఆస్‌బెస్టాస్ రేకులు, సీసం కలిసిన పాత రంగులు ఏ మిల్లులోనైనా ఉండొచ్చు.

రెండో ప్రమాదం నిప్పు. 2016 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో కళాకారులు అనుమతి లేకుండా నివాసముంటున్న గోదాములో మంటలు లేచి 36 మంది చనిపోయారు. మన సికింద్రాబాదు బోయిగూడలో 2022 మార్చి 23 తెల్లవారుజామున ఒక తుక్కు గోదాము తగలబడింది. పై అంతస్తులో నిద్రపోతున్న 11 మంది కూలీలు ప్రాణాలు కోల్పోయారు. బతుకుతెరువుకు బీహారు నుంచి వచ్చినవాళ్లు. కిందికి దిగడానికి ఉన్న ఒక్క మెట్ల దారినీ మంట మూసేసింది.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడక తప్పదు. పనిచేసే చోటే పడుకోవడం అమెరికాలో ఒక జీవన శైలిగా పేరు తెచ్చుకోవచ్చు. మన నగరాల్లో అది ఎక్కువగా పేదవాడి నిస్సహాయత. గోదాముల మీద, కార్ఖానాల అటకల మీద, సగం కట్టిన భవనాల్లో పడుకుంటున్న వలస కూలీలే మన దగ్గర అసలైన కర్మాగార నివాసులు. గృహ విధానాలు రాసేవారి చూపు ముందు వారిమీద పడాలి. రెండు వేర్వేరు మెట్ల దారులు, పొగ కనిపెట్టే పరికరం, బయటికి తెరుచుకునే తలుపు సంపన్నుల లాఫ్టుకు ఎంత అవసరమో కూలీ పడుకునే గదికీ అంతే అవసరం.

బొంబాయి మిల్లులు, తెలుగు కార్మికులు

బొంబాయిలో మొదటి నూలు మిల్లుకు 1854లో పునాది పడింది. లోయర్ పరేల్, వర్లీ, ప్రభాదేవి, లాల్‌బాగ్ కలిపి గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు, అని పిలిచేవారు. కొంకణం నుంచి, దక్కను నుంచి వచ్చిన వారితోపాటు తెలంగాణ పద్మశాలీలు అక్కడి మగ్గాల ఖాతాల్లో చేరారు. అంతకు ముందే రాళ్లు మోసి, రోడ్లు వేసిన తెలంగాణ కామాఠీల పేరుమీదే కామాఠీపుర వెలిసింది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు పల్లెల చేనేత కుటుంబాలు వర్లీలో వరస గదుల కార్మిక నివాసాలైన చాల్‌లలో ఒకే గదిలో రెండు మూడు తరాలు గడిపాయి. 1920లలో ప్రభుత్వం కట్టించిన బీడీడీ చాల్‌లలో ఒక్కో గది వైశాల్యం 160 చదరపు అడుగులు. మిల్లు సైరన్‌ను బట్టి వంట, నిద్ర, స్నానం. ఒక షిఫ్టువాడు లేచి వెళితే ఇంకో షిఫ్టువాడు అదే చాపమీద పడుకునేవాడు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది దాకా పని ఆపేశారు. ఆ సమ్మెను అధికారికంగా ఎన్నడూ విరమించలేదు. మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి. మగ్గం తప్ప మరొకటి ఎరుగని తెలుగు కార్మికుల్లో కొందరు భివండి మరమగ్గాలకు వెళ్లారు, కొందరు సిరిసిల్లకు తిరిగి వచ్చారు. వచ్చినవారి బతుకు కూడా తేలిక కాలేదు.

మిగిలింది నేల. బొంబాయి నడిబొడ్డున వందల ఎకరాలు. 1991 అభివృద్ధి నియమాల్లోని 58వ నిబంధన ఆ నేలను మూడు వాటాలు చేసింది: ఒకటి నగరానికి పార్కులు, మైదానాల కోసం, ఒకటి ప్రజా గృహాల సంస్థ మ్హాడాకు, మిగతాది యజమానికి. 2001లో దాన్ని సవరించి, అప్పటికే ఖాళీగా ఉన్న నేలకు మాత్రమే ఈ పంపకం వర్తిస్తుందన్నారు. షెడ్లు నిలబడి ఉన్న చోటు లెక్కలోంచి పోయింది, నగరానికీ పేదల ఇళ్లకూ దక్కవలసిన వాటా బాగా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. నగర ప్రణాళికలో ఒక్క మాట మార్పు ఎన్ని వేల కుటుంబాల గూడును నిర్ణయిస్తుందో ఇక్కడ కనబడుతుంది.

తర్వాత మిల్లుల్లో కొన్ని మాల్‌లయ్యాయి. 1905నాటి ఫీనిక్స్ మిల్లు అలాగే మారింది. కొన్ని షెడ్లు కార్యాలయాలు, హోటళ్లు అయ్యాయి. అలాంటిదే కమలా మిల్స్ ప్రాంగణం. అక్కడి పై అంతస్తు రెస్టారెంట్లలో 2017 డిసెంబరు 29న జరిగిన అగ్నిప్రమాదంలో 14 మంది చనిపోయారు. ఇళ్ల విషయానికొస్తే, షెడ్డును షెడ్డుగా ఉంచి ఇల్లు చేసిన దాఖలా బొంబాయిలో దాదాపు కనబడదు. కూల్చి, నలభై యాభై అంతస్తుల టవర్లు లేపారు. మ్హాడా వాటాలో మిల్లు కార్మికులకు, వారి వారసులకు ఇళ్లు కేటాయించాలని నిర్ణయించి 2012 నుంచి లాటరీ తీస్తున్నారు. ఫ్లాటు వైశాల్యం 225 చదరపు అడుగులు, దరఖాస్తులు లక్షకు పైగా. చీటీలో పేరు రాకముందే కన్నుమూసిన కార్మికులు ఎందరో. లాఫ్టు కథ అంతా చెప్పి ఈ చీటీ కథ చెప్పకపోతే అది సగం కథే.

తెలుగు నేలమీద

వరంగల్లు ఆజంజాహి మిల్లును ఏడో నిజాము కాలంలో 1934లో స్థాపించారు. నిజాము పెద్ద కుమారుడి పేరు పెట్టారు. ఓరుగల్లు పట్టణం ఆ మిల్లు చుట్టూ పెరిగిందంటే అతిశయోక్తి కాదు. జాతీయ జౌళి సంస్థ చేతిలోకి వెళ్లి, నష్టాలతో మూతపడ్డాక, భవనాలు కూల్చి నేలను ప్లాట్లుగా అమ్మారు. మిల్స్ కాలనీ అన్న పేరు మాత్రం పోలీస్ స్టేషన్ బోర్డుమీద మిగిలి ఉంది. హైదరాబాదు లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 1920లో మొదలైన దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు, అందరూ పిలిచే డీబీఆర్ మిల్లు, కూడా మూతబడింది. ఫలక్‌నుమా ప్యాలెస్‌ను మరమ్మతు చేయించి 2010లో హోటల్‌గా తెరిచారు, కోఠీ రెసిడెన్సీని కూలిపోకుండా నిలబెట్టుకుంటున్నాం. రాజులూ దొరలూ ఉన్న భవనాలమీద చూపిన ప్రేమలో పావు వంతు కూడా కార్మికులు నిలబడి పనిచేసిన భవనాలమీద చూపలేదు. ఇది సరిదిద్దుకోవలసిన లోపం.

కట్టడం తీరులోనూ ఒక అడ్డంకి ఉంది. లోవెల్, సోహో భవనాలు అంతస్తులవి, అడ్డంగా కోసి ఇళ్లు చేయొచ్చు. మన నేత ఖాతాలు, పత్తి గింజ తీసే జిన్నింగ్ షెడ్లు ఎక్కువగా ఒంటి అంతస్తువి, కప్పు రంపపు పళ్లలా ఉండి ఉత్తరపు వెలుతురు మాత్రమే లోపలికి వస్తుంది. ఆ వెలుతురు కుట్టుపనికి, చిత్రలేఖనానికి అమృతం. నాలుగు పక్కలా కిటికీలు లేవు కాబట్టి నడిమి భాగంలో గాలాడదు. మధ్యలో కప్పు విప్పి మండువా తీస్తే తప్ప అందులో ఇళ్లు సుఖంగా ఉండవు. జాతీయ భవన నియమావళి నివాస గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు అడుగుతుంది. మధ్యలో వేసే అర అంతస్తుకు కనీసం 2.2 మీటర్ల ఎత్తు ఉండాలి, అది భవనపు నేల వైశాల్యంలో మూడో వంతు దాటకూడదు. పాత షెడ్ల ఎత్తుకు ఇవి ఇబ్బంది కావు. ఇబ్బందల్లా భూ వినియోగ మార్పిడి, అగ్నిమాపక అనుమతి, మొత్తం కట్టడం బలానికి ఇంజనీరు ధ్రువపత్రం, ఎనిమిది ఫ్లాట్లు దాటితే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు. ఇన్ని తిప్పలు పడేకంటే కూల్చి కొత్తది కట్టడమే లాభమని బిల్డరు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. అమెరికాలో ప్రభుత్వం చారిత్రక భవనాన్ని బాగుచేసి అద్దెలకిచ్చేవారికి ఖర్చులో 20 శాతం పన్ను రాయితీ ఇస్తుంది. అక్కడి పాత మిల్లుల్లో చాలావరకు ముందు అద్దె ఇళ్లుగా తెరుచుకోవడానికి ఇదో కారణం.

ఇతర దేశాల్లో మిల్లులు కాని పారిశ్రామిక కట్టడాలూ ఇళ్లయ్యాయి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1890లలో కట్టిన నాలుగు గ్యాస్ ట్యాంకుల గుండ్రటి గోడలను ఉంచి, 2001 నాటికి లోపల వందల ఫ్లాట్లు కట్టారు. బార్సిలోనా దగ్గర వాస్తుశిల్పి రికార్డో బోఫిల్ 1973లో పాడుబడ్డ సిమెంటు ఫ్యాక్టరీని కొని, ముప్పైకి పైగా ఉన్న సైలోల్లో ఎనిమిదింటిని నిలబెట్టి ఇల్లూ కార్యాలయమూ చేసుకున్నాడు. ఈ రెండోది సిమెంటు తయారయ్యే నంద్యాల జిల్లావారు ఒకసారి ఫొటోల్లోనైనా చూడదగ్గది.

నంద్యాల, ఆళ్లగడ్డ, అహోబిలం

2022 ఏప్రిల్ 4న జిల్లాగా ఏర్పడిన నంద్యాల సున్నపురాయి నేల. బేతంచెర్ల నాపరాళ్లు రాష్ట్రమంతా ఇళ్ల నేలలయ్యాయి. పాణ్యం సిమెంటు ఫ్యాక్టరీ చుట్టూ సిమెంట్ నగర్ అనే ఊరే వెలిసింది. పత్తిది ఇంకా పాత చరిత్ర. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నాటిది, అక్కడి నుంచి వచ్చిన పత్తి వంగడాల్లో నరసింహ పేరున్నది రైతులకు బాగా పరిచయం. జిన్నింగ్, నూనె, బియ్యం మిల్లులు ఈ పట్టణాన్ని పెంచాయి. మిల్లు పాతబడితే కల్యాణ మండపమో గోదామో కావడం రాయలసీమ పట్టణాల్లో మామూలే, ఇల్లు కావడం మాత్రం కాదు. వేసవిలో నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీల ఎండకు రేకుల కప్పు కింద కాపురం అసాధ్యం. మట్టి మిద్దె చల్లదనం ఎరిగిన ఊళ్లివి. ఇక్కడ షెడ్డును ఇల్లు చేయాలంటే ముందు కప్పు మార్చాలి.

ఇదే జిల్లాలోని పుణ్యక్షేత్రం అహోబిలంలో కర్మాగారం లేదు, నల్లమల అభయారణ్యం అంచున ఉండకూడదు కూడా. అక్కడ ఉమ్మడి కట్టడమంటే సత్రం. కులసంఘాలూ భక్త సమాజాలూ చందాలు వేసుకుని కట్టించిన సత్రాల్లో బ్రహ్మోత్సవాలకు, స్వాతి నక్షత్రపు రోజులకు వచ్చినవారు దిగుతారు. కమిటీ నిర్వహిస్తుంది, చందా ఇచ్చినవాడు తన వాటా అమ్ముకోలేడు. ఉమ్మడి గోడను ఎలా కాపాడుకోవాలో అపార్ట్‌మెంటు అసోసియేషన్లు ఈ కమిటీల్ని చూసి నేర్చుకోవలసింది కొంత ఉంది.

అహోబిలానికి పాతిక కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డలో మాత్రం సోహో తొలి కళాకారులకు నిజమైన సాటివారు కనబడతారు. కర్నూలు–కడప రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు. ధ్వజస్తంభం పక్కన నిలిపే గరుత్మంతుడు, మూలవిరాట్టు, వీధి కూడలిలో పెట్టే నాయకుడి విగ్రహం, అన్నీ అక్కడే తయారవుతాయి. రాయిని లేపడానికి చైన్ పుల్లీ వేలాడే ఎత్తు కావాలి, లారీ వెనక్కి వచ్చే వాకిలి కావాలి, మొహం చెక్కేటప్పుడు నీడ పడని వెలుతురు కావాలి. పాత జిన్నింగ్ షెడ్డులో ఈ మూడూ ఉంటాయి. ఇల్లు, పనిచోటు దగ్గరదగ్గరగా ఉండాలన్న కోరికా శిల్పి కుటుంబాలకు సహజమే, కొడుకు ఉలి పట్టడం నేర్చేది తండ్రి పక్కన కూర్చునే కదా.

ఒక్క విషయంలో మాత్రం సోహో నమూనా ఇక్కడ పనికిరాదు. చిత్రకారుడు తన రంగుల పక్కనే పడుకోగలడు, శిల్పి రాతిపొడి పక్కన పడుకోకూడదు. గ్రైండరు వచ్చాక లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుంది. సిలికోసిస్ ఒకసారి వస్తే నయం కాదు, పక్క గదిలో ఆడుకునే పిల్లలకూ ఆ దుమ్ము అందుతుంది. ఆళ్లగడ్డ శిల్పుల కోసం ఎప్పుడైనా ఒక పాత మిల్లును నివాసంగా, పనిచోటుగా మార్చే ఆలోచన చేస్తే కప్పు మట్టం దాకా గోడ కట్టి రెండిటినీ విడదీయాలి. కోత యంత్రాలకు నీళ్లు చిమ్మే ఏర్పాటు, దుమ్ము లాగేసే ఫ్యాను ఉండాలి. పని ముగించినవాడు ఇంట్లోకి వెళ్లేముందు స్నానం చేసి బట్టలు మార్చుకునే గది ఆ రెండు భాగాల మధ్య ఉండాలి.